చాయ్ గంట

గోరింటాకు వాసన అందరికీ తెలుసు, గోరింట పూల వాసన తెలిసినవాళ్లు తక్కువ. గడ్చిరోలిలో మా వెనకింటి గోడ పక్కన కత్తెర పడని గోరింట చెట్టు ఒకటి ఉంది. వాన వెలిసిన సాయంత్రాల్లో దాని పూల వాసన మా వంటింటి కిటికీలోంచి లోపలికి వస్తుంది. తియ్యగా, కాస్త మట్టి మట్టిగా, ఎవరో అత్తరు పూసుకుని దొంగతనంగా గోడ దూకినట్టు వస్తుంది. వెంటనే నేను వెనక్కి తిరిగి చూస్తాను, ఎక్కడైనా తలుపు మూసుకుందేమోనని. నా వయసు మనిషికి పూల వాసన వస్తే సంతోషం కలగాలి, నాలుగు మంచి మాటలు తోచాలి. నాకు మాత్రం అనుమానం వస్తుంది. ఇందులో నా తప్పేమీ లేదు. నన్ను పెంచింది మా బాపమ్మ.

బాపమ్మ అంటే మా నాన్నను కన్నతల్లి. ప్రాణహిత నది ఒడ్డున, సిరొంచ బజారులో మాది కిరాణా దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు, ఇంటి నిండా బాపమ్మ. తెల్లారగానే పాలల్లో వేలు ముంచి ఎండకు పట్టి చూసేది. ఉప్పు కొత్త బస్తా విప్పితే నాకి చూసేది. ఒక పంచాంగాన్ని ఇంకో పంచాంగంతో సరిచూడనిదే నమ్మేది కాదు. దేవుడికి నైవేద్యం పెట్టి మమ్మల్నందరినీ కళ్లు మూసుకోమని, తాను ఒక కన్ను సగం తెరిచి ఉంచేది, తింటున్నది దేవుడా పిల్లా అని. చివరికి ప్రాణహిత మీద కూడా ఆమెకు నమ్మకం లేదు. ఎగువన ఏమేం కలుపుకుని వస్తోందో ఎవరికి తెలుసు, అనేది. మా ఇంట్లో ఆమె అనుమానించని మనిషిని నేనొక్కదాన్నే అని చాలాకాలం గర్వపడ్డాను. బెల్లం కుండకు గుడ్డ కట్టే ముడిని నా ఎత్తుకు అందకుండా వేయడం మొదలుపెట్టాక ఆ గర్వమూ పోయింది.

ఊరికి అవతల, నది ఒడ్డు ఎత్తు మీద దొర బంగ్లా ఉండేది. తెల్లదొరలు ఉన్న కాలంలో టేకు అడవుల పని చూసే దొర ఒకరి తర్వాత ఒకరు అందులో కాపురం ఉన్నారట. నాకు బుద్ధి తెలిసేసరికి దొరలు ఎప్పుడో వెళ్లిపోయారు. జీపులో వచ్చే సర్కారు సాబులు దిగే బసగా మాత్రం బంగ్లా మిగిలింది. బంగ్లా వెనక, మనిషెత్తు గోరింట కంచెకు అవతల, పెంకుల కప్పుతో ఒకే వరుసలో కట్టిన గదులుండేవి. వాటిని లైన్లు అనేవాళ్లం. దొర వంటమనిషి, తోటమాలి, నీళ్లు మోసేవాడు, పిల్లల ఆయా, అందరి పిల్లలూ, మనవళ్లూ ఆ లైన్లలోనే ఉండిపోయారు. దొరలు సామాను సర్దుకుని పోతూ వీళ్లను సర్దుకోవడం మరిచిపోయినట్టుంది.

ఊరికీ లైన్లకూ మధ్య దూరం ఒక గోరింట కంచె మాత్రమే గాని, అదేదో సముద్రం అన్నట్టు ఉండేది. వాళ్ల అలవాట్లు వేరు. తోటమాలి లింగయ్య ఎవరూ తినని ఏవో ఆకులు పెంచి, సాబులెవరూ అడగకపోయినా రోజూ కట్టలు కట్టి బంగ్లా వంటింటి గట్టు మీద పెట్టి వచ్చేవాడు. బక్కన్న తండ్రి దొర పడకగదిలో తాడు పంకా లాగేవాడట. చేతులు నొస్తే తాడును కాలి బొటనవేలికి కట్టుకుని, పడుకుని లాగేవాడట. బక్కన్న ఏనాడూ పంకా లాగలేదు గాని, అరుగు మీద కూర్చుంటే చాలు, అతని కుడికాలు దానంతటదే ఊగేది. చలికాలంలో వాళ్ల ఇళ్లలో కేకు చేసేవారు. కుండలో ఇసక పోసి, ఇసక మీద గిన్నె పెట్టి, మూత మీద నిప్పులు పరిచి, ఎండు ద్రాక్ష దొరకని ఊరు కనుక ఎండబెట్టిన ఇప్పపూలు వేసి. అది తింటే మత్తెక్కుతుందని ఊళ్లో చెప్పుకునేవారు. చెప్పుకున్నవాళ్ల పిల్లలందరం కంచె సందులోంచి చెయ్యి చాపి, ఒక్కో ముక్క అందుకుని, మత్తెక్కలేదని నిరాశపడి, ఇంకో ముక్కకు చెయ్యి చాపేవాళ్లం.

వీటన్నిటినీ ఊరు క్షమించేదేమో. క్షమించనిది చాయ్ గంటను.

పొద్దు వంగి, బంగ్లా నీడ కంచెను తాకే వేళకు, బక్కన్న వచ్చి వేపకొమ్మకు వేలాడే రైలు పట్టా ముక్క మీద గంట కొట్టేవాడు. గంట కొట్టగానే లైన్లలో గంటసేపు అన్ని తలుపులూ మూసుకునేవి. పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే దించేసేవారు. వాకిట్లో ఆడే పిల్లల్ని లోపలికి లాక్కునేవారు. రోకలి ఆగేది, కుక్కను కూడా లోపలికి పిలుచుకునేవారు. మళ్లీ రెండో గంట కొట్టేదాకా ఒక్క మనిషి బయటికి వచ్చేవాడు కాదు. జీపులో వచ్చిన సాబు ఎవరైనా ఆ వేళకు మంచినీళ్లు కావాలని కేకేస్తే, రెండో గంట కొట్టాక బక్కన్న వెళ్లి వినయంగా చేతులు కట్టుకుని, ఇది ఇంగ్లీషోళ్ల కాలంనాటి రూలు సాబ్ అనేవాడు. ఆ మాటకు పెద్దపెద్ద సాబులే గమ్మున ఉండిపోయేవారు.

ఆ మూసిన తలుపుల వెనక ఏం జరుగుతోందన్నది మా దుకాణం ముందు బల్ల మీద ఎన్నటికీ తెగని విచారణ. సారా కాస్తారని ఒకరు, దొర పాతిపెట్టిన సొమ్మును రోజూ తవ్వి చూసుకుని మళ్లీ పూడుస్తారని ఇంకొకరు, చనిపోయిన దొరసానిని పిలిచి మాట్లాడతారని దర్జీ. దొరసాని ఇంగ్లీషులో మాట్లాడుతుంది కదా, వీళ్లకెలా అర్థమవుతుందని నేను అడిగితే, దయ్యాలకు అన్ని భాషలూ వస్తాయని దర్జీ చెప్పాడు. సిరొంచలో బతికున్నవాళ్లకే తెలుగు, మరాఠీ, హిందీ, గోండీ వస్తాయి కనుక నేను నమ్మేశాను.

లైన్ల నుంచి మా ఇంటికి పనికి వచ్చేది పోశక్క. బియ్యంలో రాళ్లు ఏరడం, మిరపకాయలు దంచడం, సకినాల పిండి విసరడం ఆమె పనులు. నాకు జడ వేయడం, కచ్చకాయలు ఆడడం, తునికి పండ్ల కాలంలో కొంగున ముడేసుకుని నాలుగు పండ్లు తేవడం ఎవరూ చెప్పని పనులు. ఎండాకాలం నది ఇసకలో పండిన పుచ్చకాయను మోకాలితో కొట్టి పగలగొట్టి, నడిమి ఎర్ర గుండెను నాకే పెట్టేది. మా అమ్మ దుకాణపు గిరాకీలతో, వంటతో, నా తమ్ముళ్లతో సతమతమవుతుండేది కనుక, పగటిపూట నాకు అమ్మ పోశక్కే. కాని పని ఎంత మిగిలినా, మిరపకాయలు సగం దంచినా, నీడ గోడెక్కగానే పోశక్క చేతులు కడుక్కునేది. జడ సగంలో ఉంటే సగంలోనే వదిలి పోయేది. నేను ఒక జడతో, ఒక విరబోసిన జుట్టుతో ఎన్నో సాయంత్రాలు గడిపాను. ఊరి ఆడవాళ్లు నన్ను అర్ధనారీశ్వరి అనేవారు.

ఒక ఏడు వానాకాలంలో బాపమ్మ అడకత్తెర కనబడలేదు. ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి పిడి అడకత్తెర అది, పిడి మీద చిలక బొమ్మ. దాంతో కత్తిరిస్తే తప్ప వక్క రుచించేది కాదు. ఇల్లంతా వెతికించింది. మా అందరి పక్కబట్టలూ దులిపించింది. వక్క లేక ఆమె నోరు, ఆ నోటికి జడిసి మేము ఎండిపోయాం. చివరికి ఆమె చూపు తిరిగి తిరిగి పోశక్క మీద ఆగింది.

"రోజు గంట కొట్టంగనే ఉరుకుతవు. ఏడికి ఉరుకుతవు, ఎందుకు తలుపేసుకుంటరు, జర చెప్పు," అంది చేటలో బియ్యం చెరుగుతున్న పోశక్కతో.

"మా ఇంటికే పోత సేటమ్మా."

"ఇంట్ల ఏం జేస్తరు?"

పోశక్క చేట ఆపలేదు. "అది చెప్పరాదు."

"నా అడకత్తెర పోయింది. నువ్వేమో చెప్పరాదంటవు. నన్నేమనుకోమంటవ్?"

"ఏమన్న అనుకో సేటమ్మా. ఆ ఒక్కటి మాత్రం నా నోట రాదు."

"అయితె రేపటిసంది పనికి రాకు."

పోశక్క చేట గోడకు ఆనించి, చేతులు కడుక్కుని, నా వైపు చూడకుండా వెళ్లిపోయింది. ఊళ్లో ఇంకో ఇంట్లో ఆమెకు పని దొరకదని నాకు ఆ వయసులోనే తెలుసు. మా బాపమ్మ అనుమానించిన మనిషిని బజారు మొత్తం అనుమానిస్తుంది, ఆ విషయంలో మా ఇంటికి అంత పరపతి. ఆ రాత్రి అన్నం ముట్టనని భీష్మించాను. గారెలు చేసిన రోజు కనుక అన్నం మాత్రమే మానేశాను.

మర్నాడు బాపమ్మ మా తాతతో, "నేనే పోయి చూసొస్త, గీ సంగతి ఇయ్యాల తేల్చుడే," అని, తోడుగా నన్ను పట్టుకుని బయల్దేరింది. దారి పొడుగునా చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి బురద మీద కూడా అనుమానంగా అడుగు వేస్తూ నడిచింది. కంచె దగ్గరికి చేరేసరికి గోరింట పూత ముమ్మరంగా ఉంది. ఆ వాసన, తడి పెంకుల వాసన, ఆర్పిన పొయ్యిల పొగ. బక్కన్న గంట కొట్టాడు. తలుపులు ఒకదాని తర్వాత ఒకటి మూసుకున్నాయి. అంతమంది మనుషులున్న చోట అంత నిశ్శబ్దాన్ని నేను అంతకుముందు వినలేదు. నా చెయ్యి బాపమ్మ చేతిలో ఉంది.

బాపమ్మ చివరి గది తలుపు తోసింది. గొళ్లెం కూడా లేదు.

లోపల చీకటికి కళ్లు అలవాటుపడ్డాక చూస్తే, చాప మీద లైన్ల ఆడవాళ్లు సగంమంది పడుకుని ఉన్నారు. ఒకామె ఇంకొకామె తలలో నూనె పెడుతోంది. ఒక మూల ఇద్దరు ముసలివాళ్లు సుద్దగీతల మీద అష్టాచెమ్మా ఆడుతున్నారు, గవ్వలు చప్పుడు కాకుండా అరచేతిలోనే దొర్లించి. లింగయ్య గురక పెడుతున్నాడు. పోశక్క గోడకు ఆనుకుని, చేతులు ఒళ్లో వదిలేసి, ఏమీ చేయకుండా కూర్చుని ఉంది. ఆమె చేతులు ఖాళీగా ఉండగా చూడడం నాకు అదే మొదలు.

బాపమ్మ మంచాల కిందికి వంగి చూసింది. ఉట్టి మీది కుండ మూత ఎత్తి చూసింది. ఎవరూ లేవలేదు, ఎవరూ అడ్డుకోలేదు. అందరిలోకీ పెద్దది, ఆయా కూతురు రాజవ్వ, చాప మీది నుంచే మెల్లగా అడిగింది.

"ఏం దొరికింది సేటమ్మా?"

"ఏం లేదు," అంది బాపమ్మ. అలా ఒప్పుకోవడం ఆమెకు కొత్త. "మరి తలుపులెందుకు మూస్తరు?"

రాజవ్వ లేచి కూర్చుంది. చెప్పడమా మానడమా అని పోశక్క వైపు ఒకసారి చూసి, తలుపు దగ్గరగా వేయమని నాకు సైగ చేసి, గొంతు తగ్గించి చెప్పింది. దొరసాని రోజూ ఆ వేళకు వరండాలో కూర్చుని నది చూస్తూ చాయ్ తాగేదట. తనకూ నదికీ నడుమ పనివాళ్లు ఎవరూ కనబడకూడదని ఆమె హుకుం. పసిపిల్ల ఏడుపు కూడా వినబడొద్దు. చాయ్ వచ్చేటప్పుడు ఒక గంట, కప్పులు తీసేటప్పుడు ఒక గంట.

"దొరసాని పోయింది గద. ఇంకెందుకు మూసుడు?"

"అప్పుడు మా మొఖాలు సూడొద్దని మూపిచ్చిండ్రు," అంది రాజవ్వ. "ఇప్పుడు ఎవ్వల మొఖం సూడొద్దని మేమే మూసుకుంటున్నం. పొద్దుగాల సంది పొద్దుమీకెదాక అందరికి పనిజేస్తం. గీ ఒక్క గంట మాది. ఊరికి భయమున్నదాక ఎవ్వలు తలుపు కొట్టరు. ఉత్తగనె పండుకుంటున్నమని తెలిస్తె ఇగ రోజు పిలుపులే. ఆ సాబుకు నీళ్లు గావాలె, ఈ సేటుకు పిండి గావాలె. అందుకే పోశి నోరిప్పలే. పని పోయినా సరేనన్నది."

బాపమ్మ గది మధ్యలో నిలబడే ఉంది. ఆమె ఒక్క మాట దుకాణం బల్ల మీద పడితే రేపు ఈ తలుపులుండవని అక్కడున్న అందరికీ తెలుసు. ఒక మూల గవ్వలు ఆగిపోయాయి. లింగయ్య గురక ఒక్కటే ధైర్యంగా ఉంది.

"నిలవడ్డవేంది సేటమ్మా, కూసో," అంది రాజవ్వ.

బాపమ్మ కూర్చుంది. మొదట చాప అంచున, లేచి పోయేదానిలా. తర్వాత గోడకు ఆనుకుంది. తర్వాత, నేను చూస్తుండగానే, రెండు కాళ్లూ బారచాపింది. మా బాపమ్మ అరికాళ్లు నేను ఆ రోజే మొదటిసారి చూశాను, బీటలువారి, ఎండిన చెరువు అడుగులా. ఇంట్లో ఆమె కాళ్లు ఎప్పుడూ నేల మీదనో, పీట మీదనో, నిలబడో నడుస్తోనో ఉండేవి. వాటికి అడుగుభాగం ఉంటుందని నాకు తోచనే లేదు. పోశక్క ఒక పాత చీరను మడిచి ఆమె నడుము వెనక పెట్టింది. కాసేపటికి లింగయ్య గురకకు జోడు కుదిరింది. నేను పోశక్క ఒళ్లో చేరి, అష్టాచెమ్మాలో ఓడిపోతున్న ముసలాయన పక్షం వహించాను.

రెండో గంటకు బాపమ్మ ఉలిక్కిపడి లేచింది. "నిద్రపోలే. కండ్లు మూసుకుని చూస్తున్న," అంది. ఎవరూ కాదనలేదు. గడప దాటుతూ వెనక్కి తిరగకుండానే, "పోశక్కా, మిరపకాయలు సగంల ఉన్నయి," అంది. పోశక్క కొంగు సర్దుకుని మా వెంట నడిచింది.

దుకాణం ముందు బల్ల నిండా జనం ఎదురుచూస్తున్నారు. తాత తక్కెడ పక్కన పెట్టి, "ఏమన్న దొరికిందా?" అని అడిగాడు.

నేను పోశక్క చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. బాపమ్మ బల్ల మీదున్న ప్రతి మొహాన్నీ ఒక్కొక్కటిగా చూసింది.

"గంత అల్కగ దొరుకుతదా? ముదురు మనుషులు. అండ్ల ఏదో ఉన్నది. మీరెవ్వలు ఆ దిక్కు పోకుండ్రి, మంచిది కాదు. రేపటిసంది నేనే పోయి కావలి కూసుంట."

"మరి పోశక్కను మళ్ల తెచ్చుకుంటివి?" అన్నాడు తాత.

"ఎదురుంగ ఉంటెనే పట్టుకునుడు," అంది బాపమ్మ, లోపలికి పోతూ.

అప్పటి నుంచి రోజూ నీడ గోడెక్కగానే బాపమ్మా పోశక్కా ఒకరి వెనక ఒకరు లైన్లకు బయల్దేరేవారు; ముందు నేరస్థురాలు, వెనక పోలీసు, మధ్యలో రెండు జడలూ పూర్తయిన నేను. పెళ్లయిన నాటి నుంచి పగటిపూట నడుము వాల్చని మనిషి, అనుమానం పేరు చెప్పి గంటసేపు నడుము వాల్చింది. మా ఇంట్లో ఎవరికీ అసలు సంగతి తట్టలేదు. కావలి పోనని ఆమె మానితేనే అందరికీ అనుమానం వచ్చేది.

దసరా ముందు వడ్ల గుమ్మి అడుగు ఊడుస్తుంటే పోశక్క చేతికి చల్లగా ఏదో తగిలింది. ఇత్తడి చిలక. అప్పుడు బాపమ్మకు గుర్తొచ్చింది: మంచిర్యాల నుంచి ఆమె తమ్ముడి భార్య వచ్చినప్పుడు, ఆ పిల్ల కన్ను అడకత్తెర మీద పడిందని అనుమానించి, తానే వడ్లలో లోతుగా పూడ్చింది. ఎవరికీ తెలియకుండా పూడ్చింది; చివరికి తనకు కూడా.

బాపమ్మ అడకత్తెరను అరచేతిలో అటూ ఇటూ తిప్పింది. తర్వాత మా ఇద్దరి వైపూ చూసి, గొంతు తగ్గించి, "గిది దొరికిందని చెప్పకుండ్రి. దొరికిందంటె రేపటిసంది నేనెట్ల వస్త?" అంది.

"మరి దొంగపేరు నా మీదనే ఉంటదా సేటమ్మా?" అంది పోశక్క. నవ్వుతూ అడగలేదు.

బాపమ్మ అడకత్తెరను కొంగున ముడేసుకుంది. ఆ సాయంత్రం దుకాణం బల్ల దగ్గరికి వెళ్లి అందరూ వినేలా, అడకత్తెర సంగతి తెలిసిందని, పోశక్కకు దాంతో ఏ సంబంధమూ లేదని, ఇక ఆ మాట ఎత్తినవాళ్లకు మా దుకాణంలో ఉప్పు కూడా పుట్టదని చెప్పింది. మరి కావలి ఎందుకని తాత అడిగాడు. "అడకత్తెర సంగతి వేరు, తలుపుల సంగతి వేరు," అంది. ఆ అడకత్తెర ఆ తర్వాత రాజవ్వ గదిలో గూట్లో ఉండేది. వక్క నమలడం బాపమ్మకు అక్కడే తీరిక. లైన్లకు చేరిందని ఆమె అనుమానించిన వస్తువును చివరికి ఆమే తీసుకెళ్లి అక్కడ పెట్టింది. పోయేదాకా బాపమ్మకు దొంగ దొరకలేదు. రోజుకొక గంట దొరతనం దొరికింది.

మొన్న సిరొంచ వెళ్లినప్పుడు చూశాను. బంగ్లాకు రంగు వేశారు. గోరింట కంచె తీసేసి ముళ్ల తీగ లాగారు. లైన్లు ఉన్న చోట చదును నేల, దాని మీద జీపుల చక్రాల గుర్తులు. రాజవ్వ, బక్కన్న, లింగయ్య ఎప్పుడో పోయారు. పోశక్క కూతురింటికి రేగుంట పోయి అక్కడే కళ్లు మూసింది. పిల్లలు తలో ఊరు పట్టారు. వేపచెట్టు ఉంది గాని దానికి రైలు పట్టా లేదు. గేటు దగ్గరి కుర్రాడు నన్ను లోపలికి పోనివ్వలేదు, ఎందుకొచ్చానో చెప్పమన్నాడు. చెప్పరాదు అన్నాను. అతను నన్ను అనుమానంగా చూశాడు. ఎన్నేళ్లకో ఎవరో నన్ను సరిగ్గా అర్థం చేసుకున్నట్టనిపించింది.

గడ్చిరోలి ఇంట్లో నేను రోజూ ఆ వేళకు నా గది తలుపు వేసుకుంటాను. మా కోడలు బడిలో టీచరు. బడి నుంచి వచ్చి ఇంకో బడి మొదలుపెట్టినట్టు వంటింట్లోకి పోతుంది. నాకు షుగరుంది కనుక లోపల ఏదో తియ్యనిది దాచుకుని తింటున్నానని ఆమె అనుమానం. నిన్న తలుపు తోసుకుని వచ్చేసింది. దిండు ఎత్తి చూసింది. బీరువా వెనక చూసింది. ఏమీ దొరక్క గది మధ్యలో నిలబడిపోయింది, భుజానికి బడి సంచీ అలాగే వేలాడుతుండగా. కిటికీలోంచి గోరింట పూల వాసన వస్తోంది.

"ఏం చేస్తరు అత్తమ్మా, రోజూ తలుపేసుకుని?"

"నిలవడ్డవేంది బిడ్డా, కూసో," అన్నాను.

వంటింటి వైపు ఒకసారి చూసి, మంచం అంచున కూర్చుంది. కాసేపటికి గోడకు ఆనుకుంది. ఇంకాసేపటికి కాళ్లు చాపుకుంది. మడమల దగ్గర అప్పుడే బీటలు మొదలయ్యాయి. సంచీ భుజం మీది నుంచి తీసి పక్కన పెట్టాను, ఆమెకు తెలియలేదు. బయట చీకటి పడింది, దీపాలు వెలిగాయి, వంటింట్లో ఎవరో ఎవరినో పిలిచారు. రెండో గంట కొట్టడానికి బక్కన్న లేడు. నేను కొట్టలేదు.